సంతలో కుక్క బిడ్డను కఱచినప్పుడు

వారపు సంత సాగు ఊళ్లలో కుక్కలు లేని సంత యుండదు. మాంసపు దుకాణము వద్ద ఎముకలు, కోళ్ల అంగడి వెనుక ప్రేగులు, బజ్జీల బండి క్రింద నూనె కాగితములు పడియుండును. సంతదినమును కుక్కలు మనకంటె ముందే ఎఱిగియుండును. చుట్టుప్రక్కల వీథులనుండి అవి ప్రొద్దుననే చేరి, కొంతసేపు తమలో తాము పోట్లాడుకొని, పిమ్మట చోట్లు పంచుకొని కూర్చుండును. తల్లి వంకాయలు బేరమాడుచుండగా, చేత పకోడి పొట్లము పట్టుకొనిన నాలుగైదేండ్ల బిడ్డ ఆ చోటునకే పోవును. బిడ్డ ముఖము కుక్క నోటి యెత్తున నుండును. పెద్దవారిని కాలిపిక్కపై కఱచు కుక్క బిడ్డను చెంపపైనను, మెడపైనను, చేతిపైనను కఱచుటకు కారణ మిదియే. కుక్క గుఱ్ఱుమన్నప్పుడు దాని భావము పెద్దలు గ్రహించి తప్పుకొందురు. బిడ్డకు అది తెలియదు; తెలిసినను పరుగెత్తును; పరుగెత్తినదానిని తఱుముట కుక్క స్వభావము.

పిమ్మట జరుగునది మన పాఠకులలో అనేకులు చూచియే యుందురు. కఱ్ఱలు, రాళ్లు పుచ్చుకొని పదిమంది కుక్క వెంట పడుదురు. కుక్క ఎవరిదని మఱి పదిమంది విచారణ ప్రారంభింతురు. ఉదయమున తన వాకిట గంజి పోసిన వాడే, "అది మాది కాదు, ఊరకుక్క" యనును. బిడ్డను కఱచిన క్షణమునుండి కుక్కకు యజమాని యుండడు! మిగిలినవారు మందులు చెప్పుదురు. ఒకరు సున్నము తెచ్చెదరు, ఒకరు పసుపు, ఒకరు కారపుపొడి, ఒకరు కాఫీపొడి. కిరోసిను పోయుమను వారును, గరిటె కాల్చి వాత పెట్టుమను వారును లేకపోలేదు. ఇంతమంది యుండియు గాయమును నీళ్లతో కడుగువాడు ఒక్కడును కనబడడు. ఆ బిడ్డ ప్రాణము ఆ నీళ్లయందే యున్నదని తెలియకపోవుటచేతనే యిట్లు జరుగుచున్నది.

ఈ సంగతి నమ్మవలెనన్న వ్యాధి మార్గము తెలిసియుండవలెను. పిచ్చికుక్క వ్యాధిని రేబీసు అందురు. దీనికి మూలము మిక్కిలి సూక్ష్మమైన యొక వైరసు. వ్యాధి గల కుక్క యొక్క చొంగలో నది యుండి, కోఱ దిగిన గాయములో ప్రవేశించును. అది ఇతర రోగములవలె రక్తములో బడి ఒళ్లంతయు వ్యాపించునది కాదు. మొదట గాయమువద్ద కండలో కొంతకాలము నిలిచి, అక్కడి నరములలో చొచ్చి, నరముల వెంటనే మెల్లగా మెదడునకు నడచును. సామాన్యముగా నీ ప్రయాణమునకు ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. అరుదుగా వారమునకే బయటపడును. అరుదుగా సంవత్సరము దాటినను బయటపడును. కాలిమీది గాయమునుండి మెదడు దూరము, చెంపనుండి దగ్గఱ. కావుననే ముఖముపైని గాటు, ఎంత చిన్నదైనను, పెద్ద గాటుగానే యెంచదగినది. మెదడును చేరిన పిమ్మట బిడ్డ నీళ్లను చూచి భయపడును, గాలి తగిలినను అదరిపడును. అటుతరువాత నిశ్చయముగా బ్రతికించు వైద్యము నేటివఱకు లేదు. ఆ స్థితికి వచ్చినవారిలో దాదాపు అందఱును మరణింతురు.

అయితే వైరసు నడక మెల్లనిదగుటయే మనకు దక్కిన యవకాశము. కాలువగట్టునకు గండి పడినప్పుడు రైతు ఏమి చేయును? గండి కొట్టినవాడెవ్వడని ఊరిమీదికి పోడు. ముందు తట్టెడు మన్ను తెచ్చి గండి పూడ్చును. తగవు తెల్లవారినతరువాత పెట్టుకొనును. చేనియందు ఇంత తెలివి గలవారము సంతలో దానిని మఱచిపోవుట చిత్రము.

గాయమును కడుగు విధానము సులభము. సామాన్యమైన ఒంటి సబ్బుగాని, బట్టల సబ్బుగాని తీసికొని, గాయముమీద నురుగు వచ్చునట్లు రుద్ది, పాఱు నీటితో 15 నిమిషములు కడుగవలెను. ఈ వైరసుకు పైన కొవ్వుతో కూడిన పొర యొకటి గలదు. సబ్బు ఆ పొరను కరగించును. పొర పోయిన వైరసు చచ్చును. మిగిలినది నీటితో కొట్టుకొని పోవును. పంపు లేనిచోట ఒకరు చెంబుతో పైనుండి పోయుచుండగా మఱియొకరు కడుగవచ్చును. 15 నిమిషములన్నది చెప్పినంత చిన్నది కాదు. బిడ్డ ఏడ్చుచుండును, తల్లి "చాలు చాలు" అనుచుండును, నాలుగు చెంబులు పోయుసరికి చాలినట్లే తోచును; గడియారము చూచినచో రెండు నిమిషములైనను కాలేదు. అందుచేత ఒక మనిషి గడియారమునే చూచుచు నిలువవలెను. కడిగిన పిమ్మట పావిడోను అయొడిను మందు దొరికినచో పూయవచ్చును. నెత్తురు ఎక్కువగా వచ్చుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. అంతకుమించి ఏమియు పూయరాదు, కట్టు బిగించరాదు. సున్నమును, కారమును గాయమును మండించి చెఱచునేగాని వైరసును చంపవు. పైగా వానిని పూసిన పిమ్మట బిడ్డ గాయమును కడుగనీయదు. వాత పెట్టినచో కాలిన చర్మము క్రింద వైరసు సుఖముగా నుండును. గాయమునకు కుట్లు వేయుటకూడ వైద్యుడు ఆలోచించి చేయవలసిన పనియేగాని ఊరి సూదిమందుల వానిచేత వెంటనే కుట్టించరాదు.

విత్తనశుద్ధి చూపుటకు నేను పోయిన యొక సంతలో ఆఱేండ్ల ఆడుబిడ్డను కుక్క చెంపపై కఱచెను. పైన చెప్పిన వరుసలోనే అంతయు జరుగుచుండెను. మగవారందఱును కుక్క వెంట చెఱువుగట్టు దాటిపోయిరి. ఆకుకూరలమ్ము ముసలమ్మ యొకతె, "కుక్క యాడికి బోతాది నాయనా, ముందు బిడ్డ మొగం జూడండి!" యని కేకవైచి, తన తోటకూరకట్టలపై చల్లుటకు తెచ్చుకొన్న బిందెడు నీళ్లను ఆ బిడ్డ చెంపపై పోయసాగెను. ప్రక్క దుకాణమున సబ్బు కొని తెచ్చితిమి. బిందె నాలుగుమార్లు నిండినది. తండ్రి మాత్రము ప్రక్క యూరిలో పసరు పోయువాని వద్దకు పోవుదమని పట్టుపట్టెను. "చిన్న గాటే గదయ్యా" అని యాతని వాదము. పసరు పుచ్చుకొని బ్రతికినవారు నలుగురున్నారని ఆతడు చెప్పినది అబద్ధము కాదు. కఱచిన ప్రతి కుక్కయు పిచ్చిది కాదు గనుక, పసరు త్రాగక యూరకున్నను ఆ నలుగురును బ్రతికియే యుందురు. పసరువాని కీర్తి అంతయు పిచ్చిలేని కుక్కలు సంపాదించి పెట్టినది.

ఆ బిడ్డను తొలుత తీసికొనిపోయిన యాసుపత్రిలో ఒక సూది వేసి పంపివేయబోయిరి. అది ధనుర్వాతమునకు వేయు సూది. ధనుర్వాతపు సూది వేఱు, రేబీసు టీకా వేఱు. మొదటిది రెండవదాని పని చేయదు. పాఠకులు ఈ భేదమును గుఱుతుంచుకొని, "ఇది కుక్కకాటు టీకాయేనా?" యని మర్యాదగా అడుగుట తమ హక్కని యెఱుగవలెను. ఆ తండ్రి అడిగినమీదట టీకా దొరికినది. సీరమునకు పెద్దాసుపత్రికి పొమ్మనిరి.

ఈ సీరమనగా నేమి? కుక్కకాటు గాయములను వైద్యులు మూడు తరగతులుగా విభజించియున్నారు. ఎక్కడను చీరని చర్మమును కుక్క నాకినచో కడుగుట చాలును. నెత్తురు రాని చిన్న గీఱుడైనచో కడిగి టీకా వేయింపవలెను. నెత్తురు వచ్చునట్లు పన్ను దిగినను, పుండుమీద గాని నోటిలోగాని కుక్క చొంగ తగిలినను అది మూడవ తరగతి. దానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిను అను రక్షక సీరముకూడ కావలెను. టీకా మన శరీరమునకు శత్రువును చూపి, ఆయుధములు తయారుచేసికొనుట నేర్పును. నేర్చుకొనుటకు ఒకటి రెండు వారములు పట్టును. ఆలోగా కాపలా ఎవరు? అప్పటికి పనికివచ్చునదే సీరము. అది తయారైయున్న ఆయుధము. కంచె మొలకెత్తి పెరుగువఱకు చేనికి మనిషిని కాపుంచుటవంటిది. మనుష్య రక్తమునుండి తీసినదైనచో బిడ్డ బరువు కిలో ఒక్కింటికి 20 యూనిట్లు, గుఱ్ఱపు రక్తమునుండి తీసినదైనచో 40 యూనిట్లు మించకుండ, గాయములోనికిని గాయము చుట్టును ఎక్కింతురు. బిడ్డ చెంపమీద సూది గ్రుచ్చుట తల్లిదండ్రులకు చూడరాని పనియే. అయినను కాపలాదారుడు గండి వద్దనే నిలువవలెనుగాని ఊరి చావడిలో కూర్చున్న నేమి ప్రయోజనము?

సీరము విలువ తెలిసినది యొక పల్లెలోనే. 1954 లో ఇరాను దేశమున పిచ్చిపట్టిన తోడేలు ఒకటి గ్రామముమీద పడి అనేకులను కఱచెను. తలపై ఘోరముగా గాయపడినవారిలో టీకా మాత్రమే పొందిన 5 గురిలో 3 గురు మరణించిరి. సీరమును, టీకాను కలిపి పొందిన 13 మందిలో ఒక్కడు తప్ప అందఱును బ్రతికిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములన్నిటను సీరము నిలువయుండదు. లేదన్నచో ఆనాడే టీకా మొదలుపెట్టించి, సీరమునకు వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. మొదటి టీకా పడిన 7 దినములలోపల సీరము ఈయవచ్చును; అయినను గడువున్నదని ఆలస్యము చేయుట తగదు.

టీకాల వాయిదాలు ఇవి. చర్మములో వేయు పద్ధతియైనచో మొదటి దినము, పిమ్మట 3 వ, 7 వ, 28 వ దినములు. కండలో వేయు పద్ధతియైనచో వీనికి 14 వ దినముకూడ చేరును. మొదటి సూది పడిన దినమును సున్నగా లెక్కింతురు. పెద్దలకు భుజముమీదను, కండలో వేయునప్పుడు పసిబిడ్డలకు తొడమీదను వేయుదురు, పిఱుదుమీద వేయరాదు. బొడ్డుచుట్టు 14 సూదులు వేయుదురను భయము ఇంకను పల్లెలలో నున్నది. అది పూర్వపు మాట. 1885 జూలై 6 వ తేదీన పారిసు నగరమున లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల బాలునకు ఈ టీకాను మొదటిసారి వేసెను. మన దేశమున 1900 లో కసౌలీయందును, 1907 లో దక్షిణమున కూనూరునందును పాశ్చరు సంస్థలు ఏర్పడెను. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911 లో తయారుచేసిన టీకా గొఱ్ఱె మెదడునుండి తీయునది. కడుపుమీద అనేక సూదులు వేయవలసియుండెను. తాతలు చెప్పిన భయము దానిని గుఱించినది. ఆ టీకా తయారీ 2004-05 ప్రాంతమున మన దేశమున నిలిచిపోయినది.

సూదుల బాధకంటె వాయిదాలు తప్పుటయే నేటి ప్రమాదము. మూడవ సూది పడిన పిమ్మట గాయము మానును, బిడ్డ ఆడుకొనుచుండును. 28 వ దినము నాట్ల కాలమున వచ్చినచో దానిని తలచుకొను వాడెవ్వడు? భారత వైద్య పరిశోధన మండలివారు 2022-23 లో జరిపించిన పరిశీలన ప్రకారము దేశమున ఏటా సుమారు 5,700 మంది ఈ వ్యాధివలన మరణించుచున్నారు. కుక్క కఱచినవారిలో ఐదింట ఒకవంతు మంది అసలు టీకాయే వేయించుకొనలేదు. వాయిదా తప్పిన బాకీదారునకు నోటీసు పంపుటలో మన సహకార సంఘములు ఎన్నడును ఆలస్యము చేసినట్లు వినలేదు. అదే గుమాస్తా, అదే పుస్తకమున ఒక పుట ఈ బిడ్డల టీకా తేదీలకు కేటాయించి, ముందుదినము తండ్రికి ఫోను చేసినచో, సంఘమునకు ఖర్చు లేదు.

కుక్క మాట ఇప్పుడు చెప్పవచ్చును. దానిని చంపుట మొదటి తప్పు. తఱుమబడిన కుక్క మఱి నలుగురిని కఱచును. చంపినచో దానివలన తెలియవలసిన సమాచారము చచ్చును. చొంగలో వైరసు గల కుక్క 10 దినములలోపల జబ్బుపడుటయో చచ్చుటయో జరుగును. 10 దినములు దాటి ఆరోగ్యముగా నున్నచో, కఱచిననాడు దాని చొంగలో వైరసు లేదని చెప్పవచ్చును. అందుచేత పెంపుడు కుక్కయైనచో కట్టివేసి కనిపెట్టియుండవలెను. ఊరకుక్కయైనచో దాని రంగు, గుఱుతులు వ్రాసికొని, అది తిరుగుచోటు చూచుచు, పంచాయతీకిని పశువైద్యశాలకును తెలుపవలెను. ఆ 10 దినములు చూచి టీకా వేయింతమనుట మాత్రము కూడదు. టీకా ముందు, కుక్కను చూచుట తరువాత. యజమానిని ముందే బెదిరించినచో కుక్క తనది కాదనును. దానికి టీకా పడినదో లేదో తెలియకపోవును. ముందు ఆ సంగతి మంచిమాటతో రాబట్టి, తగవు పిమ్మట పెట్టుకొనవచ్చును. తగవునకు చట్టము లేకపోలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291 వ సెక్షను ప్రకారము, తన జంతువువలన ఇతరులకు ప్రమాదము రాకుండ జాగ్రత్త పడనివానికి 6 నెలలవఱకు ఖైదుగాని, 5,000 రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఊరకుక్కల విషయమున దేశమంతట వాదోపవాదములు సాగుచున్నవి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కల గుంపు నాలుగేండ్ల బాలుని చంపినప్పుడు కలిగిన క్షోభ ఇంకను చల్లాఱలేదు. ఆ సంవత్సరమే కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనలు కుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని చెప్పుచున్నవి. 2025 లో సుప్రీము కోర్టు పిచ్చిపట్టినవానిని, క్రూరస్వభావము గలవానిని విడువరాదని ఆగస్టునందును, బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు మొదలగు చోట్లనుండి కుక్కలను తొలగింపవలెనని నవంబరునందును ఉత్తర్వులిచ్చెను. విషము పెట్టి చంపుట నేరము, నిష్ప్రయోజనముకూడ. తిండి యున్నచోటికి క్రొత్త కుక్కలు వచ్చును, వచ్చునవి టీకా లేనివి. ఊరి కుక్కలలో 70 వంతులకు ఏటేట టీకా పడినచో వ్యాధి వ్యాపింపదని అనుభవమువలన తేలియున్నది. జూలై 6 వ తేదీన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుచుందురు. ఆనాడు మన సభ్యులు తమ కావలికుక్కలను గొలుసుతో తీసికొనిపోవుట మంచిది. సంతలో మాంసపు వ్యర్థములను లోతుగా గొయ్యి తీసి పూడ్పించు పని, సంత పాట పాడిన గుత్తేదారుని షరతులలో వ్రాయింపవచ్చును.

బిడ్డలకు చెప్పవలసినవి కొద్దియే. తినుచున్న కుక్క, నిద్రించు కుక్క, పిల్లలుగల కుక్క జోలికి పోరాదు. కుక్క మీదికి వచ్చినప్పుడు పరుగెత్తక, చేతులు దగ్గఱకు ముడుచుకొని చెట్టువలె నిలువవలెను. అన్నిటికంటె ముఖ్యము, కఱచినను గీఱినను ఇంట చెప్పవలెను. కుక్కపిల్లతో ఆడి గీఱించుకొన్న బిడ్డ దెబ్బలకు వెఱచి దాచును. కుక్కపిల్ల కాటునకు విషము లేదనుట వట్టిమాట. వేసవిలోనే కుక్కలకు పిచ్చి పట్టుననుటయు అట్టిదే. పిచ్చికుక్క యెల్లప్పుడు ఉఱుకుచు కఱచుననుకొనరాదు. క్రింది దవడ వ్రేలాడవైచి, చొంగ కార్చుచు, మూలన ముడుచుకొని యుండునదికూడ పిచ్చిదే కావచ్చును. దానిపై జాలిపడి నోటిలో ఎముక చిక్కెనని చేయి పెట్టినవారు గలరు. పశువుల విషయమున రైతులు చేయు పొరపాటును ఇదియే. ఆవు మేత మ్రింగలేక చొంగ కార్చుచున్నప్పుడు గొంతులో చేయి పెట్టరాదు, పశువైద్యుని పిలువవలెను. అట్టి పశువు పాలు త్రాగరాదు.

సంఘ కార్యాలయము సంత ప్రక్కనే యున్న ఊళ్లవారు ఒక రేకుడబ్బా సిద్ధము చేసికొనవచ్చును. అందులో రెండు సబ్బులు, ఒక చెంబు, ఒక సీసా పావిడోను అయొడిను, ఉతికిన గుడ్డలు, దగ్గఱి యాసుపత్రిలో టీకా, సీరము ఉన్నవో లేవో ఆ వారమే విచారించి వ్రాసిన చీటి ఉండవలెను. డబ్బా మూతపైని "15 నిమిషములు" అని పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. దానిని తూకపు కాటా ప్రక్కన నుంచవలెను; తాళము వేయరాదు.